నాడీకణాల్లో ప్రోటీన్ల జాడ – 4వ పాఠం: ఆ వెలుగు దేనిది?

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. యాంటీబాడీ అంటే ఒక ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే అణువు. మీ దగ్గర మ్యాప్-2 (డెండ్రైట్లలో ఉండే ప్రోటీన్) యాంటీబాడీ ఒకటి, టౌ (ఆక్సాన్లలో ఉండే ప్రోటీన్) యాంటీబాడీ ఒకటి ఉన్నాయి, రెండూ కుందేలులో తయారైనవే. ఒకే కవర్‌స్లిప్ (కణాలు పెరిగిన పలచని గాజు బిళ్ల) మీద వాటిని రెండు రంగుల్లో చూడగలమా అని అడిగాను. మామూలు పద్ధతిలో కుదరదు. ప్రోటీన్‌ని నేరుగా పట్టుకునే యాంటీబాడీ ప్రైమరీ, ఆ ప్రైమరీని పట్టుకుని మెరిసే రంగు యాంటీబాడీ సెకండరీ. ప్రైమరీ ఏ ప్రోటీన్‌ని పట్టుకుందో సెకండరీకి తెలియదు. అది ఏ జంతువుదన్నదే దానికి గుర్తు. ఆకుపచ్చ సెకండరీ, ఎర్ర సెకండరీ రెండూ రెండు ప్రైమరీల మీదా వాలతాయి. డెండ్రైట్లూ (సంకేతాలు అందుకునే కొమ్మలు) ఆక్సాన్లూ (సంకేతాలు పంపే పోగులు) అన్నీ ఒకే పసుపు రంగులో కలిసిపోతాయి. వాటిలో ఒకటి కోడిలోనో చిట్టెలుకలోనో తయారైనది తీసుకుంటే చిక్కు తీరుతుంది.

స్థిరీకరణ, కణం పొరకు రంధ్రాలు చేయడం, బ్లాకింగ్ (యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ముందే కప్పేయడం) ఇప్పటికే మన చేతిలోకి వచ్చాయి. ఈ పాఠంలో రెండు పనులున్నాయి. ఒకటి, యాంటీబాడీని ఎంత పలచన చేయాలో తేల్చుకోవడం. రెండోది, మైక్రోస్కోపులో కనిపించే వెలుగు మనం అనుకుంటున్న ప్రోటీన్‌దేనా అని నిగ్గు తేల్చడం. ఈ సిరీస్ మొత్తంలో నేను ఎక్కువ శ్రద్ధతో రాస్తున్న పాఠం ఇదే. రంగు రావడం కష్టం కాదు, ఏదో ఒక రంగు ఎప్పుడూ వస్తుంది. ఆ రంగును నమ్మవచ్చో లేదో తెలుసుకోవడమే అసలు నేర్పు.

పలచన పని చేతులతో చేసి చూద్దాం. 4% పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరిచి, బ్లాకింగ్ పూర్తయిన హిప్పోకాంపస్ (జ్ఞాపకాలకు సంబంధించిన మెదడు భాగం) కణాల కవర్‌స్లిప్‌లు ఐదు తీసుకోండి. 12 మిల్లీమీటర్లవి చాలు. చిన్న ట్యూబులు నాలుగు వరుసగా పెట్టండి. మొదటి దాంట్లో 249 మైక్రోలీటర్ల బ్లాకింగ్ ద్రావణం, మిగతా మూడింట్లో 125 చొప్పున పోయండి. మొదటి ట్యూబులో 1 మైక్రోలీటర్ మ్యాప్-2 యాంటీబాడీ వేసి, నురగ రాకుండా పిపెట్‌తో మెల్లగా కలపండి. అది 1:250. అందులోంచి 125 తీసి రెండోదాంట్లో కలిపితే 1:500. అదే వరుసలో 1:1000, 1:2000. ఐదో కవర్‌స్లిప్‌కి ప్రైమరీ లేని బ్లాకింగ్ ద్రావణం మాత్రమే.

పారాఫిల్మ్ మీద ఒక్కో ద్రావణం 60 మైక్రోలీటర్ల చుక్కగా వేయండి. కవర్‌స్లిప్‌ని ఫోర్సెప్స్‌తో పట్టుకుని, కణాలున్న ముఖం కిందికి వచ్చేలా ఒక అంచు ముందు ఆనించి, రెండో అంచును నెమ్మదిగా వదలండి. చుక్క తనంతట తనే అంచుల దాకా పరుచుకుంటుంది. ఒక్కసారిగా వదిలితే గాలిబుడగ చిక్కుకుంటుంది. బుడగ కింద ఉన్న కణాలకు యాంటీబాడీ అందదు, మర్నాడు అక్కడ నల్లటి గుండ్రం కనిపిస్తుంది. పక్కనే తడి టిష్యూ పెట్టి మూత వేసి, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచండి. పొద్దున్న పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో ఐదేసి నిమిషాలు మూడుసార్లు కడిగి, సెకండరీ గంటసేపు చీకట్లో. మళ్లీ కడిగి, కేంద్రకాలకు నీలం రంగునిచ్చే డాపి.

మైక్రోస్కోపు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. ఆటో ఎక్స్‌పోజర్ ఆన్‌లో ఉంటే ప్రతి స్లైడూ బాగానే మెరుస్తుంది. ప్రైమరీ లేని స్లైడ్ పెట్టినా కెమెరా ఎక్కువసేపు తెరుచుకుని, ఉన్న కాస్త వెలుగునే లాగి చూపిస్తుంది. అందుకే ముందు 1:250 స్లైడ్ పెట్టండి. ఏ చోటా తెలుపు మరీ నిండిపోకుండా ఎక్స్‌పోజర్ సరిచేసి, ఆ సంఖ్య నోట్‌బుక్‌లో రాసుకోండి. మిగతా నాలుగూ అదే సంఖ్యతో తీయండి. బాగా కనిపించడం లేదని మధ్యలో మార్చారంటే ఐదు చిత్రాలనూ పోల్చే వీలు పోతుంది.

ఇప్పుడు ఏం చూడాలి? మ్యాప్-2 ఉండేది కణదేహంలో, డెండ్రైట్లలో. కణదేహం దగ్గర లావుగా మొదలై, కొమ్మలు వేస్తూ సన్నబడే పోగులు మెరవాలి. పొడవునా ఒకే మందంతో సాగే సన్నని ఆక్సాన్ మెరవకూడదు. డాపిలో నీలంగా కేంద్రకం కనిపిస్తూ, చుట్టూ మ్యాప్-2 లేని కణాలు కూడా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ గ్లియా కణాలు, అంటే నాడీకణాలకు తోడుగా ఉండేవి. ఆ ఖాళీ కణాలు మీకు చాలా విలువైనవి. అదే గాజు మీద, అదే ద్రావణంలో మునిగి కూడా అవి మెరవలేదంటే యాంటీబాడీ ఏదిపడితే అది పట్టుకోవడం లేదన్నమాట.

కాబట్టి అన్నిటికన్నా ప్రకాశంగా ఉన్న స్లైడ్‌ని ఎంచుకోకండి. డెండ్రైట్‌కీ పక్కనున్న గ్లియా కణానికీ తేడా ఎక్కువగా ఎక్కడుందో చూడండి. యాంటీబాడీ మరీ చిక్కగా ఉంటే గ్లియా కణాల మీద కూడా మసక కమ్ముతుంది. మరీ పలచనైతే దూరంగా ఉన్న సన్నని కొమ్మలు మాయమవుతాయి. ఈ రెండింటి మధ్య ఎక్కడో మీకు కావలసింది ఉంటుంది. కంపెనీ కాగితం మీద రాసిన అంకె ఒక ఆరంభం మాత్రమే. కొత్త లాట్ (కొత్త విడత సరుకు) వచ్చినప్పుడు, ముఖ్యంగా పాలిక్లోనల్ (రకరకాల యాంటీబాడీల మిశ్రమం) అయితే, ఈ పని మళ్లీ చేయాల్సిందే.

ఇక ఐదో కవర్‌స్లిప్. అది ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: ప్రైమరీ లేకుండా సెకండరీ తనంతట తను ఎక్కడ అంటుకుంటోంది? దీని విలువ నాకు ఒక చేదు అనుభవంతో తెలిసింది. మొదట్లో చిట్టెలుక మెదడును సన్నగా కోసిన పొరల మీద చిట్టెలుకలోనే తయారైన ప్రైమరీ వాడాను. కార్టెక్స్ (మెదడు పైభాగం) నిండా కొమ్మలు కొమ్మలుగా అందమైన గీతలు కనిపించాయి. అవి నాడీకణాల పోగులేనని రెండు వారాలు నమ్మాను. టెన్షన్ మొదలైంది సెకండరీ మాత్రమే వేసిన స్లైడ్ చూశాకే. అవే గీతలు, అంతే స్పష్టంగా. అవి సన్నని రక్తనాళాలు. చిట్టెలుక రక్తంలో దాని సొంత యాంటీబాడీలు ఉంటాయి. మెదడులోంచి రక్తం పూర్తిగా కడిగేయకపోతే, చిట్టెలుక యాంటీబాడీలను వెతికే సెకండరీ వాటిని కూడా పట్టుకుంటుంది. కుందేలులో తయారైన ప్రైమరీకి మారాక ఆ గీతలు పోయాయి. ఆ స్లైడ్ మొదటిరోజే వేసి ఉంటే రెండు వారాలు మిగిలేవి.

అయితే ఐదో స్లైడ్ నల్లగా ఉన్నంత మాత్రాన ప్రైమరీ సరైనదని తేలినట్టు కాదు. ప్రైమరీ వేరే ప్రోటీన్‌ని పట్టుకుంటే ఆ స్లైడ్ మీకేమీ చెప్పదు. 2005లో ది జర్నల్ ఆఫ్ కంపారటివ్ న్యూరాలజీ సంపాదకుడు క్లిఫర్డ్ సేపర్ ఈ విషయం మీదే పాఠకులకు బహిరంగ లేఖ రాశారు. యాంటీబాడీ దేన్ని పట్టుకునేలా తయారైందో, అది సరైనదాన్నే పట్టుకుంటోందని ఎలా తెలిసిందో రచయితలు చెప్పి తీరాలన్నది దాని సారం.

అన్నిటికన్నా గట్టి పరీక్ష నాకౌట్. ఆ ప్రోటీన్ జన్యువే లేని జంతువు కణజాలంలో కూడా అదే వెలుగు వస్తే ఇక వాదనే లేదు, ఆ వెలుగు వేరేదానిది. యాంటీబాడీని ముందుగా పెప్టైడ్‌తో (దాన్ని తయారుచేయడానికి వాడిన ప్రోటీన్ ముక్క) కలిపి వేస్తే రంగు పోయింది కదా అని కొందరు అంటారు. అది చెప్పేది ఒక్కటే: యాంటీబాడీ ఆ పెప్టైడ్‌ని పట్టుకుంటుంది. కణజాలంలో అది పట్టుకున్నదేమిటో అందులో తేలదు. ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి చూసే వెస్టర్న్ బ్లాట్‌లో సరైన సైజు దగ్గర ఒకే గీత రావడం మంచి సూచన, కానీ అక్కడ ప్రోటీన్ మడతలు విప్పుకుని ఉంటుంది. స్థిరపరిచిన కణంలో దాని రూపు వేరు. ఒకచోట బాగా పనిచేసిన యాంటీబాడీ రెండోచోట మొరాయించడం మామూలే.

నాకౌట్ దొరకనప్పుడు జవాబు ముందే తెలిసిన చోటును అడగండి. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ (డోపమిన్ తయారీకి కావలసిన ఎంజైమ్) యాంటీబాడీ అయితే నడిమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రాలో డోపమిన్ కణాలు నిండుగా మెరవాలి. హిప్పోకాంపస్‌లో పిరమిడల్ కణదేహాలు మెరవకూడదు. అక్కడ సన్నని పోగులు కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. నోరడ్రినలిన్ తయారుచేసే కణాలకు కూడా ఈ ఎంజైమ్ కావాలి, మెదడుకాండంలోని లోకస్ సెరూలియస్ నుంచి వాటి పోగులు అక్కడిదాకా వస్తాయి.

నాడీకణాలకు గుర్తుగా వాడే న్యూఎన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏ60 అనే క్లోన్ (ఒకే కణవంశం నుంచి వచ్చే యాంటీబాడీ) నాడీకణాల కేంద్రకాలను చక్కగా చూపిస్తుందని 1992లో ప్రచురించారు. అది పట్టుకుంటున్న ప్రోటీన్ ఆర్‌బీఫాక్స్-3 అని తేలింది 2009లో. ఆ పదిహేడేళ్లూ దాన్ని వాడినవాళ్లు తప్పు చేయలేదు, అది ఏ కణాల్లో మెరుస్తుందో జాగ్రత్తగా చూసి రాసిపెట్టారు కాబట్టే దాన్ని నమ్మగలిగారు. దానికి ఒక హద్దూ ఉంది. చిన్నమెదడులోని పర్కింజీ కణాలు నిస్సందేహంగా నాడీకణాలే, అయినా న్యూఎన్‌తో మెరవవు. అందుకని వెలుగు లేకపోతే ‘నాడీకణం లేదు’ అని రాయకండి, ‘న్యూఎన్ కనిపించలేదు’ అని రాయండి.

వచ్చే పాఠంలో సినాప్స్‌ల (నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు అందించే చోట్ల) దగ్గరికి వెళతాం. పీఎస్‌డీ-95 లాంటి ప్రోటీన్లు కిక్కిరిసిన చోట ఉంటాయి, స్థిరీకరణ గట్టిగా జరిగితే యాంటీబాడీ లోపలికి చొరలేదు. అక్కడ ఏం చేయాలో చూద్దాం.

అప్పటిదాకా ఈ అభ్యాసం చేయండి. చిట్టెలుక చిన్నమెదడు పొరలు మీ ముందున్నాయి. చేతిలో మూడు ప్రైమరీలు: కుందేలు కాల్‌బిండిన్ (కాల్షియంని పట్టుకునే ప్రోటీన్), కోడి జీఎఫ్‌ఏపీ (గ్లియా కణాల్లోని ప్రోటీన్), చిట్టెలుక న్యూఎన్. మూడు రంగులు, వాటికి తోడు డాపి. పర్కింజీ కణాల వరుస దగ్గర, దాని కింద గ్రాన్యూల్ కణాల పొరలో ఏ రంగు ఎక్కడ రావాలో స్లైడ్ చూడకముందే కాగితం మీద బొమ్మ గీయండి. కంట్రోల్ కోసం ఎన్ని స్లైడ్లు పక్కన పెట్టాలో, ఒక్కోదాంట్లో ఏం వేయాలో, ఏం మానేయాలో రాయండి. ఈ మూడు సెకండరీల్లో ముందుగా అనుమానించాల్సింది ఏదో కూడా రాసి ఉంచండి.