‘కూర్చున్న కుర్చీ’లో ‘మీద’ ఎక్కడికి పోయింది? పెద్దవాళ్ళకి ఇంగ్లీష్ రిలేటివ్ క్లాజులు చెప్పే పద్ధతి

ఇంగ్లీష్ బాగానే వచ్చిన ఉద్యోగుల రాతల్లో రిలేటివ్ క్లాజుల దగ్గర, అంటే హూ, విచ్, దట్‌లతో ఒక పేరుని వర్ణించే ముక్కల దగ్గర తప్పులు వెతికితే పెద్దగా దొరకవు. కారణం, వాళ్ళు వాటి జోలికే వెళ్ళరు. “ఐ మెట్ అ క్లయింట్. హీ ఈజ్ ఫ్రమ్ పుణె. హీ హ్యాజ్ సమ్ క్వశ్చన్స్” అని మూడు ముక్కలుగా రాసేస్తారు. ఏ ముక్కకి ఆ ముక్క సరైనదే. మొత్తం చదివితే మాత్రం చిన్నపిల్లల రాతలా ఉంటుంది. 1974లో జాక్వెలిన్ షాక్టర్ అనే భాషాశాస్త్రవేత్త ఈ తప్పించుకునే అలవాటునే ఎత్తి చూపారు. చైనీస్, జపనీస్ మాతృభాషగా ఉన్నవాళ్ళు ఈ క్లాజుల్లో తక్కువ తప్పులు చేయడానికి కారణం వాటిని తక్కువగా వాడటమేనని ఆవిడ చెప్పారు. ఆ రెండు భాషల్లోనూ తెలుగులాగే వర్ణన ముందు, పేరు తర్వాత. కాబట్టి ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దుతూ కూర్చుంటే ఈ లోపం మీకు కనబడదు. వాళ్ళ చేత వాడించి చూడాలి.

మొదటి పది నిమిషాల్లో ఈ పన్నెండు మాటలూ ఇచ్చి ఇంగ్లీష్‌లో రాయమనండి. పూర్తి వాక్యం అక్కర్లేదు, ఇంత ముక్క చాలు: నిన్న వచ్చిన మెయిల్, నేను పంపిన మెయిల్, నేను కూర్చున్న కుర్చీ, మేం ఎదురుచూస్తున్న బస్సు, నేను డబ్బిచ్చిన మనిషి, కూరగాయలు కోసిన కత్తి, నేను రోజూ వినే పాట, వాళ్ళబ్బాయి అమెరికాలో ఉన్న ఆవిడ, ఆయన చెప్పిన సంగతి, ఆయన రాజీనామా చేసిన సంగతి, చేపలు వేయించిన వాసన, హైదరాబాద్‌లో ఉండే మా అన్నయ్య.

మొదటి రెండూ సాఫీగా వచ్చేస్తాయి. మూడో దాని నుంచి నడక తడబడుతుంది. “ద చెయిర్ విచ్ ఐ సాట్” అని ఆగిపోతారు, లేదా “ద మ్యాన్ హూ ఐ గేవ్ హిమ్ మనీ” అంటారు. కాగితాలు తీసుకోండి కానీ దిద్దకండి. అవి చివరి రోజుకి కావాలి.

ఇప్పుడు బోర్డు మీద “నేను కుర్చీ మీద కూర్చున్నాను” అని రాసి, దాని కింద “నేను కూర్చున్న కుర్చీ” అని రాయండి. పై వాక్యంలో ‘మీద’ చుట్టూ గీత గీసి, కింద అది ఎక్కడుందో చూపించమనండి. లేదు. తెలుగు దాన్ని మింగేసింది. ‘కోసిన’ అన్న ఒక్క మాటనే తీసుకోండి. కోసిన మనిషి, కోసిన కాయ, కోసిన కత్తి. మొదటి దాంట్లో కోసింది అతను, రెండో దాంట్లో కోయించుకుంది అది, మూడో దాంట్లో దానితో కోశారు. మూడు సంబంధాలకీ మాట ఒకటే, విభక్తి ఎక్కడా లేదు. ఎవరు ఎవర్ని కోశారో వినేవాళ్ళు లోకజ్ఞానంతో పోల్చుకుంటారు. బళ్ళో క్రియాజన్య విశేషణం అని చదువుకున్నది దీన్నే. ఆ పేరు ఒకసారి గుర్తు చేస్తే చాలామందికి ముఖం వికసిస్తుంది. తమకి ముందే తెలిసిన వస్తువు గురించే పాఠమని ధైర్యం వస్తుంది.

ఇంగ్లీష్ ఇలా మింగదు. పేరుని ముందుకి లాగినా, అది లేచివచ్చిన చోటు ఖాళీగా అలాగే ఉంటుంది, ఆ ఖాళీ పక్కనున్న ఆన్, విత్, టు కూడా కదలవు. పాఠం మొత్తానికి ప్రాణం ఈ ఖాళీయే. దాన్ని ఈ వరసలో చూపించండి.

ముందు తెలుగు ముక్కని పూర్తి వాక్యంగా విప్పించండి: “కూరగాయలు కోసిన కత్తి” అంటే “నేను కత్తితో కూరగాయలు కోశాను”. తర్వాత ఆ పూర్తి వాక్యాన్ని ఇంగ్లీష్‌లో చెప్పించండి: “ఐ కట్ ద వెజిటబుల్స్ విత్ ద నైఫ్”. మూడోసారి ‘ద నైఫ్’ని ఎత్తి ముందు పెట్టి, దాని చోట గీత గీయండి: “ద నైఫ్ ఐ కట్ ద వెజిటబుల్స్ విత్ ____”. ఆ గీత మీద ఏమీ రాకూడదు, ఇట్ రాకూడదు, హిమ్ రాకూడదు. చివరగా, ముందుకొచ్చిన పేరు తర్వాత దట్ పెట్టాలా, విచ్ పెట్టాలా, ఏమీ వద్దా అన్నది తేల్చండి. చాలామంది టీచర్లు ఈ చివరి మెట్టు నుంచి మొదలుపెడతారు. హూ ఎక్కడ, విచ్ ఎక్కడ అన్న పట్టిక పెద్దవాళ్ళకి ఎప్పుడో వచ్చు, వాళ్ళ ఇబ్బంది అక్కడ లేదు.

మాటలు విడివిడి చీటీల మీద రాసి, బల్ల మీద చేత్తో జరిపిస్తే ఇంకా బాగా పడుతుంది. పిల్లల ఆటలా ఉందని మొదట కొందరు మొహమాటపడతారు. ‘నైఫ్’ చీటీ తీసినచోట కళ్ళెదుట సందు కనబడ్డాక ఆ మొహమాటం ఉండదు. ఎనిమిది ముక్కలకి పాతిక నిమిషాలు పడుతుంది.

రెండో మెట్టు దాటేయనివ్వకండి. మింగిన విభక్తిని తిరిగి తెస్తే చాలని సూత్రం చెబితే, ‘నేను రోజూ వినే పాట’ దగ్గర బోల్తా పడుతుంది. “పాట వింటాను” అనడంలో పైకి కనబడే విభక్తే లేదు, ఇంగ్లీష్‌లో మాత్రం “ద సాంగ్ ఐ లిజన్ టు”. దీనికి భిన్నంగా, “విషయం గురించి చర్చించాం” అన్నచోట ‘గురించి’ ఉంది, డిస్కస్ పక్కన అబౌట్ ఉండకూడదు. ‘గదిలోకి’ అన్నా ఎంటర్ తర్వాత ఇంటు రాదు. ఏ క్రియకి ఏ చిన్నమాట తోడు వస్తుందో నిర్ణయించేది ఇంగ్లీషే. ఆ తోడు పూర్తి వాక్యంలో సరిగ్గా పడితేనే క్లాజులోనూ పడుతుంది.

ఖాళీలో హిమ్ దూరడానికి ఒక కారణం తెలుగులోనే ఉంది. “నేను ఎవరికి డబ్బిచ్చానో అతను” అన్నప్పుడు ‘ఎవరికి’, ‘అతను’ రెండూ ఉంటాయి. ఆ జంట అలవాటే హూ, హిమ్‌ల జంటగా ఇంగ్లీష్‌లోకి వస్తుంది. ఇంగ్లీష్‌లో హూ వచ్చిందంటే హిమ్ చోటు నిండిపోయినట్టేనని చెప్పండి: “ద మ్యాన్ హూ ఐ గేవ్ మనీ టు”. ఇంకొందరు జాగ్రత్త ఎక్కువై “ద హౌస్ ఇన్ విచ్ ఐ లివ్ ఇన్” అని రెండుసార్లు పెడతారు. ముందుకి తెచ్చిన ఇన్ వెనక ఉండదు. ‘వేర్’ కూడా తన కడుపులో ఇన్‌ని దాచుకున్న మాటే, అందుకని “ద హౌస్ వేర్ ఐ లివ్” దగ్గర ఆగాలి.

వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండకూడదని బళ్ళో చెప్పారే అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కవి జాన్ డ్రైడన్ 1672లో నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాల్లో దాన్ని తప్పుపట్టారు. ఆ అభ్యంతరం తర్వాత పాఠ్యపుస్తకాల్లో నియమంగా స్థిరపడింది. మాట్లాడే ఇంగ్లీష్‌లో మాత్రం చివరనే సహజం. రిపోర్టులకీ ఒప్పందాలకీ “విత్ విచ్”, “టు హూమ్” నేర్పండి, అలా ముందుకొచ్చిన విత్, టుల వెంటనే దట్ రాదని కూడా చెప్పండి.

దట్, హూ ఎప్పుడు వదిలేయొచ్చు అన్నదానికి పక్కమాట చూస్తే చాలు. పక్కన కర్త ఉంటే వదిలేయొచ్చు: “ద మెయిల్ ఐ సెంట్”. పక్కనే క్రియ ఉంటే వదలకూడదు: “ద మెయిల్ దట్ కేమ్ యెస్టర్‌డే”. ‘వాళ్ళబ్బాయి’లోని ‘వాళ్ళ’కి హూజ్ పెట్టాలి, హూజ్ తర్వాత ద గానీ హర్ గానీ రాదు: “ద లేడీ హూజ్ సన్ ఈజ్ ఇన్ అమెరికా”.

రెండు ‘సంగతులు’ మిగిలాయి. ఇక్కడ తొందరపడకండి, ఒక క్లాసు పూర్తిగా ఇవ్వండి. “ఆయన చెప్పిన సంగతి”ని విప్పితే “ఆయన సంగతి చెప్పారు” అని వాక్యం వస్తుంది. “ఆయన రాజీనామా చేసిన సంగతి”ని విప్పి చూడమనండి. ‘సంగతి’ని లోపల ఎక్కడ పెట్టినా ఇమడదు, ఎందుకంటే “ఆయన రాజీనామా చేశారు” అన్నది అప్పటికే నిండు వాక్యం. ఖాళీ లేదు. ఖాళీ లేనిచోట విచ్‌కి పని లేదు. మొదటిది “ద థింగ్ విచ్ హీ టోల్డ్ మీ” కావచ్చు, రెండోది “ద ఫ్యాక్ట్ దట్ హీ రిజైన్డ్” మాత్రమే. న్యూస్, క్లెయిమ్, పాసిబిలిటీ కూడా ఇదే తోవ: “ప్రాజెక్ట్ ఆలస్యమయ్యే అవకాశం” అంటే “ద పాసిబిలిటీ దట్ ద ప్రాజెక్ట్ విల్ బి డిలేయ్డ్”. అదే ‘అవకాశం’ ఛాన్స్ అయితే దారి మారుతుంది, “నాకు మాట్లాడే అవకాశం” అన్నది “ఎ ఛాన్స్ టు స్పీక్”.

‘చేపలు వేయించిన వాసన’ ఇంకో మెట్టు ముందుకి వెళ్తుంది. వాసన వేయించలేదు, వాసనని వేయించలేదు, వాసనతోనూ వేయించలేదు. వేయిస్తే వచ్చింది. ఇంగ్లీష్ దీనికి హూ, విచ్, దట్ మూడింటినీ ఒప్పుకోదు, ఆఫ్ పెట్టి ఐఎన్‌జీ రూపం వాడుతుంది: “ద స్మెల్ ఆఫ్ ఫిష్ ఫ్రైయింగ్”. తలుపు కొట్టిన చప్పుడు “ద సౌండ్ ఆఫ్ సమ్‌వన్ నాకింగ్”. తెలుగులో కర్త చెప్పకపోయినా నడిచింది, ఇక్కడ సమ్‌వన్ తెచ్చి పెట్టాం.

కామా సంగతి చెవితో మొదలుపెట్టాలి. “హైదరాబాద్‌లో ఉండే మా అన్నయ్య” అంటే అన్నయ్య ఒక్కడేనా, ఇంకొకాయన వేరే ఊళ్ళో ఉన్నాడా? తెలుగు ముక్క చెప్పదు. ఇంగ్లీష్ కామాతో చెబుతుంది. వినేవాళ్ళు “ఏ అన్నయ్య?” అని అడిగే వీలుంటే కామా వద్దు. అడగనక్కర్లేదంటే క్లాజుకి రెండు వైపులా కామాలు, మాటలో అయితే రెండు చోట్లా చిన్న విరామం. ఊళ్ళు, కట్టడాల పేర్లకి సాధారణంగా ఆ ప్రశ్న రాదు: “చార్మినార్, విచ్ వజ్ బిల్ట్ ఇన్ 1591, ఈజ్ ఇన్ ద ఓల్డ్ సిటీ”. కామా తర్వాత దట్ రాదు. ఆఫీసు సర్క్యులర్‌లో “ఎంప్లాయీస్ హూ వర్క్ నైట్ షిఫ్ట్స్ విల్ గెట్ అ క్యాబ్” అంటే రాత్రి పనిచేసేవాళ్ళకే కారు. అదే వాక్యంలో హూ ముందు, షిఫ్ట్స్ తర్వాత కామాలు పడితే ఉద్యోగులందరూ రాత్రే పనిచేస్తారనీ, అందరికీ కారనీ అర్థం. పెద్దవాళ్ళకి కామా విలువ తెలిసొచ్చేది ఇలాంటి ఉదాహరణతోనే. కామా లేనిచోట అమెరికన్ సంపాదకులు దట్‌నే ఇష్టపడతారు, బ్రిటిష్ రాతలో విచ్ కూడా చెల్లుతుంది.

ఇంటిపనికి వాళ్ళు పంపిన పాత మెయిళ్ళే తెమ్మనండి, ఐదు చాలు. హీ, ఇట్, దిస్‌లతో మొదలయ్యే వాక్యాల కింద గీత గీసి, వాటిలో మూడింటిని ముందు వాక్యంలో కలపమనండి. అన్నీ కలిపితే ఊపిరాడని వాక్యాలు తయారవుతాయి, కాబట్టి ఒక వాక్యంలో ఒక్క క్లాజుకి మించొద్దనండి. కర్తకీ క్రియకీ మధ్య క్లాజు దూరినచోట క్రియని పక్కనున్న పేరుకి జోడించే పొరపాటు వస్తుంది: “ద ఫైల్స్ దట్ మై మేనేజర్ సెంట్ ఈజ్ మిస్సింగ్”. క్లాజుని వేలితో మూసి చదివిస్తే “ఫైల్స్ ఆర్” అని వాళ్ళే దిద్దుకుంటారు.

వారం తర్వాత అవే పన్నెండు ముక్కలు నోటితో అడగండి, ఈసారి రాయనివ్వకండి. పాత కాగితాలు పక్కన పెట్టుకుని చూడండి. కుర్చీ, కత్తి, పాటల దగ్గర చిన్నమాట ఇంకా జారిపోతున్నవాళ్ళకి క్లాజులు మళ్ళీ చెప్పొద్దు, క్రియల తోడుమాటల మీద పని చేయించండి. హిమ్, ఇట్ ఇంకా దూరుతున్నవాళ్ళని చీటీల దగ్గరికి తీసుకెళ్ళండి.