కారు కూలెంట్ తాగేస్తోందా? ముందు లీకు ఎక్కడో పట్టుకోండి

పాత కారున్న చాలామంది డిక్కీలో రెండు లీటర్ల నీళ్ల బాటిల్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పొద్దున్నే బానెట్ ఎత్తడం, రేడియేటర్‌లో తగ్గినంత పోయడం, బండి తీయడం. మా మారుతి 800కి నేనూ రెండు నెలలు అదే చేశాను. కడప టౌన్‌లో తిరిగినన్నాళ్లు ఏమీ కాలేదు గానీ, మే నెలలో రాయచోటికి పోతుంటే గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చేసింది. పక్కన పిల్లలు, పైన ఎండ, వెనక లారీలు. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. కూలెంట్ అంటే ఇంజన్‌ని చల్లగా ఉంచే ద్రవం, అది తిరిగే దారి అంతా మూసి ఉంటుంది, కాబట్టి వారం వారం తగ్గుతోందంటే ఎక్కడో పోతున్నట్టే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఇంజన్ వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. చాలా కార్ల మూత మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది, అది ఎంత ప్రెషర్ ఆపుతుందో చెప్పే అంకె. ఆ ప్రెషర్ వల్లే లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తిప్పగానే ప్రెషర్ పోయి అదంతా ఒక్కసారిగా మరిగి చేతుల మీదికి, మొహం మీదికి చిమ్ముతుంది. రేడియేటర్ పైన రబ్బరు హోస్ పైపు పట్టుకుంటే చల్లగా తగిలేదాకా ఆగండి.

రాత్రి కారు కింద పాత అట్టపెట్టె ఒకటి పరిచి పెట్టండి. పొద్దున మరక ఎక్కడ పడిందో అదే సగం సమాధానం. రంగూ వాసనా లేని నీళ్లయితే అది ఏసీ నీళ్లు, వదిలేయండి. పచ్చగానో ఎర్రగానో ఉండి, వేళ్ల మధ్య రుద్దితే జారుతూ, కొంచెం తియ్యటి వాసన వస్తే కూలెంట్. నాలుక మీద మాత్రం పెట్టకండి, అది విషం.

ఇక బానెట్ కింద. ముందు దుమ్మంతా తుడవండి, మన ఊళ్ల దుమ్ములో చెమ్మ కనపడదు. తర్వాత ఎండిన మరకల కోసం చూడండి, ఎందుకంటే కూలెంట్ కారిన చోట ఆరిపోయి తెల్లగానో పచ్చగానో ఉప్పులా పేరుకుంటుంది. హోస్ పైపులు, వాటి క్లిప్పులు, రేడియేటర్ పక్కన ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియానికి అతికే అంచు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం, ఇవన్నీ చూడాలి. ఆ రంధ్రంలోంచి కారుతుంటే పంపు సీలు పోయినట్టే, పంపు మార్చడమే. ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా, అద్దాల మీద జిడ్డు ఆవిరి ఉంటే హీటర్ దగ్గర లీకు.

మా కారుకి ఇవేవీ కనపడలేదు. ఒక మెకానిక్ రేడియేటర్ మార్చాలన్నాడు, నేను ఆగాను. చల్లగా ఉన్నప్పుడు చుక్క పడదు, ప్రెషర్ ఎక్కితేనే పడుతుంది, అదీ అసలు చిక్కు. మెకానిక్కుల దగ్గర రేడియేటర్‌కి బిగించే చేతి పంపు ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు దాంతో మూత మీదున్న అంకె వరకే ప్రెషర్ పెట్టించి పదిహేను నిమిషాలు చూడండి, పంపు మీటరు ముల్లు పడిపోతుంటే లీకు ఉంది. అలా పెట్టించి, ఫోన్ కెమెరా లైటు వేసి పై హోస్ కింద వైపు వీడియో తీస్తే అప్పుడు దొరికింది. క్లిప్పు అంచు కింద వెంట్రుకంత పగులు, చుక్క చుక్కగా ఊరుతోంది. పై నుంచి ఎంత చూసినా కనపడే చోటు కాదది.

పగులు హోస్ చివరే ఉండి, పైపు పొడవు సరిపోతే, ఆ ముక్క కోసి మళ్లీ ఎక్కించవచ్చు. కానీ రబ్బరు నొక్కితే మెత్తగా గుజ్జులాగో, గట్టిగా చెక్కలాగో ఉంటే కొత్తదే వేయండి. ఎక్కించే ముందు లోహపు మూతిని సన్నటి ఎమెరీ పేపర్‌తో రుద్దాలి, అక్కడ పేరుకున్న ఉప్పు మీద కొత్త హోస్ కూడా కారుతుంది. క్లిప్పు మరీ బిగిస్తే రబ్బరు కోసుకుపోతుంది.

చాలామంది రేడియేటర్‌లో పసుపు పోస్తారు. అడవిలో చిక్కుకుంటే ఊరు చేరడానికి సరే. ఇంట్లో ఉండి పోయొద్దు, సన్నటి గొట్టాలన్నీ పూడుకుపోతాయి. బోరు నీళ్లూ అంతే, మన నీళ్లు కాచే బిందె అడుగున తెల్లగా ఎంత పొర కడుతుందో చూస్తూనే ఉన్నాం కదా.

బయట ఎక్కడా తడి లేదు, అయినా తగ్గుతోంది, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తోంది, లేదా ఆయిల్ మూత లోపల మీగడలా ఉంది అంటే హెడ్ గ్యాస్కెట్ మీద, అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు మీద, అనుమానపడండి. బండి నడపకుండా మంచి మెకానిక్ దగ్గరికి చేర్చండి.

నింపేటప్పుడు సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. రెడీమిక్స్ డబ్బా అయితే నీళ్లు కలపకండి. చల్లటి ఇంజన్‌లో మూత తీసే నింపి, హీటర్ మీట పూర్తిగా వేడి వైపు పెట్టి స్టార్ట్ చేసి, పై హోస్ మెల్లగా నొక్కుతూ ఉంటే బుడగలు వస్తాయి. మట్టం తగ్గిన కొద్దీ పోస్తూ, బుడగలు ఆగాక మూత పెట్టేయండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ ఆడనిచ్చి, చల్లారాక మళ్లీ మట్టం చూడండి. తీసిన పాత కూలెంట్ పళ్లెంలో వదలొద్దు, తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకి చచ్చిపోతాయి. మూత ఉన్న డబ్బాలో పోసి గ్యారేజీలో ఇవ్వండి.

బానెట్ కింద ఉండే కూలెంట్ బాటిల్ మీద మార్కర్‌తో గీత గీసి, వారం రోజులు పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద చూసుకోండి. గీత దగ్గరే నిలిచిందంటే అప్పుడు ఘాట్ ఎక్కొచ్చు.