మూడు ముంతలు, కాస్త మైలుతుత్తం: నేలలో కరెంటు కొలవడం ఎలా

భూకంపానికి ముందు రేడియో గరగరలాడుతుందని, కొండ మీద వెలుగు కనిపిస్తుందని, ఫోనులో దిక్సూచి పిచ్చెక్కినట్టు తిరుగుతుందని వీడియోలు వస్తూనే ఉంటాయి. నేను టెలిఫోన్ శాఖలో కేబుళ్ల పని చేసి రిటైరైనవాణ్ణి. నేలలో కరెంటు పారుతుందన్నది మాలాంటివాళ్లకు వింత కాదు, రోజువారీ తలనొప్పి. ఓపిక ఉంటే దాన్ని మీరే కొలిచి చూసుకోవచ్చు. విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర మా జీడితోటలో నేను పెట్టుకున్న ఏర్పాటు ఇది.

దీనికి మూలం గ్రీసు. వరోత్సోస్, అలెక్సోపౌలోస్, నోమికోస్ అనే ముగ్గురు 1980ల మొదట్లో నేలలో ఎలక్ట్రోడ్లు పాతి, రెండు చోట్ల మధ్య వోల్టేజి భూకంపానికి ముందు మారుతుందని ప్రకటించారు. నలభై ఏళ్లు దాటినా ఆ తగువు తీరలేదు. కొలిచే పనితనం మాత్రం నేర్చుకోదగ్గది.

ఇనుప కడ్డీలు పాతి మీటరు పెట్టకండి. తడి ఎక్కువున్న చోట ఒకటి, తక్కువున్న చోట ఒకటి ఉంటే ఆ కడ్డీలే బ్యాటరీలా పనిచేస్తాయి. నేల సంగతి తెలియదు, తుప్పు సంగతే తెలుస్తుంది. అందుకే లోహం నేలకు నేరుగా తగలకుండా ముంతలు. కుమ్మరి దగ్గర పూత లేని చిన్న ముంతలు మూడు తీసుకోండి. నీళ్లు పోసి రాత్రంతా ఉంచితే పొద్దుటికి బయటంతా చెమ్మగిల్లాలి, చుక్క మాత్రం కారకూడదు. పురుగుమందుల దుకాణంలో బోర్డో మిశ్రమం అనే తెగుళ్ల మందుకి అమ్మే మైలుతుత్తాన్ని (కాపర్ సల్ఫేట్), అడుగున పలుకులు మిగిలేదాకా నీళ్లలో కలిపి వాటిలో పోయండి. అది విషం. చేతికి తొడుగు వేసుకోండి, వంటగిన్నెల జోలికి పోకండి. మందపాటి రాగితీగను గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, చుట్టచుట్టి ద్రావణంలో ముంచండి. రాగికి వైరు కలిపే అతుకు ద్రావణానికి పైనే ఉండాలి, తడి తగలకూడదు.

పాతేముందు ఒక పరీక్ష ఉంది. దీన్ని దాటవేయకండి. ఒక ప్లాస్టిక్ తొట్టిలో పలుచని బురదనీళ్లు పోసి మూడు ముంతలూ అందులో కూర్చోబెట్టి, రెండేసి చొప్పున మీటరు పెట్టండి. తేడా ఒకటి రెండు మిల్లీవోల్టులు దాటితే రాగిని మళ్లీ రుద్దండి.

ఇక పాతడం. ఒకే వరుసలో మొదటి ముంత, 50 మీటర్ల దూరంలో రెండోది, 100 మీటర్ల దగ్గర మూడోది. గొయ్యి మోకాలి లోతు. మా ఎర్రనేల వేసవిలో బీటలు వారుతుంది కాబట్టి అడుగున చెరువు బంకమట్టి ముద్ద వేసి దానిలో ముంతను గుచ్చుతాను. వైరును గాలికి ఊగనివ్వకుండా జానెడు లోతున పాతిపెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ గొయ్యికి, మోటారు షెడ్డుకి దూరంగా వెళ్లండి. ఉరిమితే మీటరు జోలికి వెళ్లవద్దు. దామిని యాప్ పిడుగుల హెచ్చరిక ఇస్తుంది.

మీటరును 200 మిల్లీవోల్టుల డీసీ స్థానంలో పెట్టి, రోజూ ఒకే వేళకు రెండు అంకెలు రాసుకోండి: మొదటి ముంతకీ రెండోదానికీ మధ్య 50 మీటర్లది, మొదటిదానికీ మూడోదానికీ మధ్య 100 మీటర్లది. పక్కనే వాన పడిందా, మోటార్లు నడుస్తున్నాయా అన్నది కూడా రాయాలి. మొదట్లో ముంతలు కుదురుకునేదాకా అంకెలు జారుతూనే ఉంటాయి.

అసలు కిటుకు ఈ రెండు అంకెల్లోనే ఉంది. దూరం నుంచి వచ్చిన మార్పయితే 50 మీటర్లలో ఎంత మారిందో 100 మీటర్లలో దానికి రెట్టింపు మారుతుంది. ఒక్కదానిలోనే మారితే ఆ ముంతనే అనుమానించాలి. గ్రీసువాళ్లూ ఈ తరహా పరీక్షనే వాడారు. అయితే రెట్టింపైనంత మాత్రాన భూకంపం అనుకోకూడదు. మాకు ఒకవైపు హౌరా–చెన్నై రైలు మార్గం, ఇంకోవైపు గరివిడిలో ఫెర్రో (ఇనుప మిశ్రలోహాల) కొలిమి. రైలు కరెంటు, కొలిమి నడిస్తే దాని కరెంటు నేలలోకీ రావచ్చు. సూర్యుడూ తక్కువవాడు కాదు. 2024 మే 10న వచ్చిన సౌర తుఫాను లాంటివి భూమి మొత్తాన్నీ కదిలిస్తాయి. భూమి అయస్కాంత కల్లోలాన్ని 0 నుంచి 9 దాకా చెప్పే కేపీ సూచిక 5 దాటిన రోజుల్ని పుస్తకంలో ఎర్రసిరాతో కొట్టేయండి.

ఫోను దిక్సూచిని వదిలేయండి. 1989లో కాలిఫోర్నియాలో లోమా ప్రియేటా భూకంపానికి ముందు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరికరం పట్టిందన్న అయస్కాంత మార్పు కొన్ని నానోటెస్లాలే. ఫోను కొలిచేది మైక్రోటెస్లాల్లో, అంటే వెయ్యి రెట్లు మొరటుగా. పైగా ఆ రికార్డు పరికరం లోపం కావచ్చని తర్వాత పరిశీలించినవాళ్లు రాశారు. 2004లో అదే రాష్ట్రంలో పార్క్‌ఫీల్డ్ కంపించినప్పుడు చుట్టూ పరికరాలు సిద్ధంగా ఉన్నాయి, ముందస్తు సంకేతం మాత్రం దొరకలేదు. రేడియో గరగర అంటారా, ముందు ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు ఆర్పి వినండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది.

మన వైపు భూకంపాలు అరుదే కానీ లేకపోలేదు. 1917లో విజయనగరం ప్రాంతంలో 5.5 తీవ్రతతో వచ్చింది. 2014 మే 21 రాత్రి పదికి కాస్త ముందు బంగాళాఖాతంలో 6 తీవ్రతతో కదిలితే తీరమంతా తెలిసింది. అలాగని మీ అంకెలు చూసి వాట్సాప్‌లో ఊరిని బయట పడుకోబెట్టకండి. భూకంప్ యాప్‌లో జాతీయ భూకంప కేంద్రం ఇచ్చే వివరాలతో నెలకోసారి పుస్తకాన్ని పోల్చుకోండి, అంతే.

ముంతల్లో తుత్తం నీళ్లు వేసవిలో త్వరగా ఇంకిపోతాయి. చూసి నింపుతుండండి. మేకలు వచ్చే తోటయితే గొయ్యి మీద బండ పెట్టండి.