చిరునామా పత్రం లేని సెక్స్ వర్కర్లు ఆధార్‌కు దరఖాస్తు చేసుకోవడం ఎలా?

ఆధార్ సెంటర్‌లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అడ్రస్ ప్రూఫ్ ఏదమ్మా?" సెక్స్ వర్క్‌లో ఉన్న ఆడవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంటి ఓనరు అగ్రిమెంటు రాసివ్వడు. కరెంటు బిల్లు ఆయన పేరు మీదే వస్తుంది. పుట్టింటి రేషన్ కార్డులోంచి పేరు ఎప్పుడో తీసేసి ఉంటారు. ఓటరు కార్డుకి వెళ్తే ఆధార్ తెమ్మంటారు, ఆధార్‌కి వెళ్తే ఓటరు కార్డు తెమ్మంటారు.

ఇలాంటివాళ్ల కోసం 2022లో సుప్రీంకోర్టు ఒక దారి తెరిచింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థలోని (అందరూ నాకో అనేది దీన్నే) గెజిటెడ్ అధికారి గానీ, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్ గానీ నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ ఇస్తే, దాని మీదే ఆధార్ ఇవ్వాలి. వేరే చిరునామా పత్రం అడగకూడదు. దారి ఉన్నా నడిచేవాళ్లు తక్కువే. చాలామందికి దీని సంగతే తెలియదు. తెలిసినవాళ్లకు "ఎయిడ్స్ ఆఫీసు కాగితం" అనేసరికి గుండె జారిపోతుంది. ఆ భయం ఎంతవరకు నిజమో కింద చెప్తాను.

ఇది లైసెన్సు కాదు

జర్మనీలో 2017 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఈ పని చేసేవాళ్లు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. మన దేశంలో అలాంటి నమోదు గానీ, అనుమతి పత్రం గానీ లేవు. "లైసెన్సు ఇప్పిస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే అది పచ్చి మోసం.

మనకున్నది 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం. మేజరైన మనిషి తన ఇష్టంతో ఈ పని చేయడాన్ని ఆ చట్టం నేరం అనలేదు. చుట్టూ ఉన్నవాటిని మాత్రం నేరాలు చేసింది: వ్యభిచార గృహం నడపడం, మనుషులను ఈ పనిలోకి దించడం, వాళ్ల సంపాదన మీద బతకడం, బహిరంగంగా పిలవడం, గుడికో బడికో ఆసుపత్రికో 200 మీటర్ల లోపు ఈ పని చేయడం. ఆధార్ వచ్చినంత మాత్రాన ఈ సెక్షన్ల నుంచి రక్షణ రాదు. ఆధార్ తీసుకున్నంత మాత్రాన పోలీసుల లిస్టులో పేరూ ఎక్కదు. రెండూ వేర్వేరు సంగతులు.

ఉత్తర్వు వెనక కథ

1999లో కోల్‌కతాలో ఒక సెక్స్ వర్కర్ హత్యకు గురైంది. శిక్ష పడిన వ్యక్తి అప్పీలును సుప్రీంకోర్టు 2011 ఫిబ్రవరిలో కొట్టేసింది. అంతటితో ఫైలు మూయకుండా, ఈ వృత్తిలో ఉన్నవాళ్ల జీవితాల గురించి తనంత తానే విచారణ కొనసాగించింది. బుద్ధదేవ్ కర్మస్కర్ కేసుగా దానికి పేరు. కోర్టు వేసిన కమిటీ సిఫారసులు ఇచ్చినా పార్లమెంటులో చట్టం రాలేదు. చివరికి 2022 మే 19న రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద కోర్టే ఆదేశాలిచ్చింది. ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు మన తెలుగువారే. సెంటర్‌లో ఎవరైనా "ఇదెక్కడి రూలు?" అంటే కేసు పేరు, తేదీ చెప్పండి. ఆ రెండూ ఒక చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకుంటే ఇంకా మంచిది.

పాత ఆధార్ ఉందేమో ముందు చూసుకోండి

ఊళ్లో ఉన్నప్పుడు ఒకసారి వేలిముద్రలు వేసి, కార్డు అక్కడే వదిలేసి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు మళ్లీ కొత్తగా దరఖాస్తు చేస్తే వేలిముద్రలు పాతవాటితో కలిసి డూప్లికేట్ అని తిరస్కరణ వస్తుంది. అప్పటికే నెలలు గడిచిపోతాయి. ఏ మాత్రం అనుమానం ఉన్నా ఆధార్ హెల్ప్‌లైన్ 1947 నంబరుకు ఫోన్ చేసి, పోయిన ఆధార్ నంబరు తిరిగి పొందే పద్ధతి అడగండి. పాత నంబరు దొరికితే కొత్త నమోదుతో పనే లేదు, చిరునామా మార్చుకుంటే సరిపోతుంది. కొత్త నమోదు ఉచితం. మార్పులకు మాత్రం రుసుము ఉంటుంది.

ఎవరిని కలవాలి

నేరుగా ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆఫీసుకు వెళ్లనక్కర్లేదు. హెచ్‌ఐవీ నివారణ కోసం నాకో నిధులతో జిల్లాల్లో ఎన్జీవోలు, సెక్స్ వర్కర్ల సొంత సంఘాలు టీఐ (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్) ప్రాజెక్టులు నడుపుతున్నాయి. మీ ప్రాంతానికి కండోమ్‌లు తెచ్చే, ఆసుపత్రికి తోడొచ్చే పీర్ ఎడ్యుకేటర్ అక్క ఆ ప్రాజెక్టు మనిషే. ముందు ఆమెనే అడగండి. అలా ఎవరూ తెలియకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్షలు, సలహాల కేంద్రం) కౌన్సెలర్‌ను కలవండి, లేదంటే 1097కి ఫోన్ చేయండి. అది నాకో ఉచిత నంబరు. దగ్గర్లో ఏ సంస్థ పనిచేస్తోందో చెప్తారు. ప్రాజెక్టు రిజిస్టర్‌లో మీ పేరు లేకపోతే ముందు అక్కడ నమోదు చేయించుకోవాలి. ఆ సంస్థ మీ వివరాలు సరిచూసి పైకి పంపితే సర్టిఫికెట్ తయారవుతుంది.

ఇక ఆ భయం సంగతి. సర్టిఫికెట్ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నుంచి వచ్చిందంటే మీకు హెచ్‌ఐవీ ఉందని కాదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లతో ఏళ్లుగా కలిసి పనిచేస్తున్న ప్రభుత్వ విభాగం అది కాబట్టి కోర్టు ఆ బాధ్యత దానికి అప్పగించింది. పరీక్ష చేయించుకుంటేనే కాగితం ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కర్లేదు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు.

ఏ పేరు రాయించాలి?

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. చాలామందికి మూడు పేర్లుంటాయి. బడిలో రాసిన పేరు ఒకటి, ఏరియాలో పిలిచే పేరు ఒకటి, ఎన్జీవో రిజిస్టర్‌లో చెప్పిన పేరు ఇంకోటి. ఎన్జీవో వాళ్లు తమ రిజిస్టర్‌లో ఉన్న పేరే పైకి పంపేస్తారు. అది ఏరియా పేరైతే ఆధార్‌లోనూ అదే పడుతుంది. రేపు బ్యాంకులో, పిల్లల బడిలో, ఆస్తి కాగితాల్లో మరో పేరుంటే మళ్లీ మొదటికే వస్తుంది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే సర్టిఫికెట్‌కు వివరాలు ఇచ్చేముందే కూర్చుని తేల్చుకోండి. పాత టీసీ గానీ, పిల్లల జనన ధ్రువపత్రం గానీ ఉంటే అందులోని పేరే, అక్షరం మారకుండా రాయించండి. తండ్రి పేరో భర్త పేరో వేసి తీరాలన్న నిబంధన లేదు. "కేరాఫ్" గడి ఖాళీగా వదిలేయొచ్చు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక

మామూలు ఏ4 కాగితం మీద ఆధార్ సంస్థ నమూనాలో ఉంటుంది. లెటర్‌హెడ్ అక్కర్లేదు. సెంటర్‌కు బయల్దేరేముందు వెలుతురులో పెట్టి ఒక్కో గడి చూడండి. జారీ చేసిన తేదీ ఉందా? ఆ తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. పాస్‌పోర్ట్ సైజు ఫొటో మీద అధికారి సంతకం, స్టాంపు సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడ్డాయా? ఫొటో మీదే మొత్తం పడినా, పక్కన పడినా వెనక్కి పంపుతారు. కొట్టివేత గానీ, దిద్దుబాటు గానీ ఉంటే, అది పిన్‌కోడ్‌లో ఒక్క అంకె అయినా సరే, కొత్త కాగితం రాయించుకోవాల్సిందే. మీ సంతకమో వేలిముద్రో ఉండాలి. అధికారి పేరు, హోదా, ఆఫీసు చిరునామా ఉండాలి. జిరాక్సు పనికిరాదు, ఒరిజినల్ తీసుకెళ్లాలి.

సెంటర్‌లో

18 ఏళ్లు దాటినవాళ్లను మొదటిసారి నమోదు చేసే సౌకర్యం ప్రతి సెంటర్‌లోనూ ఉండదు. ముందే ఫోన్ చేసి కనుక్కోండి. విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్‌లలో ఆధార్ సేవా కేంద్రాలు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో టైము తీసుకుని వెళ్లొచ్చు. ఒక మాట దాచకుండా చెప్పాలి: సర్టిఫికెట్ మీద స్టాంపు చూసిన ఆపరేటర్‌కు విషయం అర్థమవుతుంది, అది తప్పదు. కాబట్టి ఇంటి సందు చివర ఉన్న సెంటర్ వద్దు. నలుగురైదుగురికి ఒకేసారి సర్టిఫికెట్లు వచ్చేలా చూసుకుని, ఎన్జీవో మనిషిని వెంటబెట్టుకుని, కాస్త దూరంగా ఉన్న సెంటర్‌కు వెళ్లడం నయం. ఇంకా మంచిది, హైదరాబాద్‌లోని ఆధార్ ప్రాంతీయ కార్యాలయానికి సంస్థ తరఫున లెటర్ రాసి క్యాంపు అడగడం. రెండు తెలుగు రాష్ట్రాలూ దాని కిందికే వస్తాయి.

నింపాల్సింది ఫారం 1. అందులో ఏం పని చేస్తారన్న గడే లేదు. ఆదాయం, కులం, మతం, జబ్బుల వివరాలు సేకరించకూడదని ఆధార్ చట్టంలోనే ఉంది. కార్డును బట్టి గానీ, నమోదు నంబరును బట్టి గానీ ఈమె సెక్స్ వర్కర్ అని తెలిసే కోడ్ ఏదీ పెట్టకూడదని సుప్రీంకోర్టు ప్రత్యేకంగా చెప్పింది. కాబట్టి మీ పని గురించి చెప్పాల్సిన చోటు ఒక్కటే, ఎన్జీవో దగ్గర. సెంటర్‌లో "మీరేం చేస్తారు?" అంటే "కాగితంలో ఉన్నదే రాయండి" అంటే చాలు.

పది వేళ్ల ముద్రలు, రెండు కళ్లు, ముఖం ఫొటో తీసుకుంటారు. ఆపరేటర్ టైపు చేస్తున్నప్పుడు మీవైపు తిప్పిన స్క్రీన్ కూడా ఉంటుంది. తెలుగు పేరు, ఇంగ్లిష్ పేరు రెండూ చదవండి. చదువు రాకపోతే వెంట వచ్చినవాళ్లచేత అక్షరం అక్షరం చదివించుకోండి. లక్ష్మి పేరులో ఒక్క ఇంగ్లిష్ అక్షరం తప్పిపోయినా తర్వాత బ్యాంకువాళ్లు తిప్పుతారు. మొబైల్ నంబరు మీ సొంతదే ఇవ్వండి. ఓటీపీలన్నీ ఆ ఫోన్‌కే వస్తాయి. ఓనరమ్మ నంబరు, మధ్యవర్తి నంబరు అస్సలు వద్దు. కార్డు మీ చేతిలో ఉన్నా తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది.

రసీదు జాగ్రత్త. దాని మీద నమోదు నంబరు, తేదీ, సమయం ఉంటాయి, వాటితోనే స్టేటస్ చూసుకోవాలి. పెద్దవాళ్ల కొత్త నమోదు రాష్ట్ర ప్రభుత్వ పరిశీలనకు వెళ్తుంది కాబట్టి 180 రోజుల దాకా పట్టొచ్చు. విచారణకు ఎవరైనా ఇంటికొస్తే మీరు అక్కడ ఉంటున్నారా లేదా అన్నదానికి జవాబు చెప్తే సరిపోతుంది.

సర్టిఫికెట్ తీసుకోం అంటే?

"ఈ లెటర్ చెల్లదు" అనే ఆపరేటర్లు ఉంటారు. వాళ్లలో చాలామంది ఈ సర్టిఫికెట్‌ను ఎప్పుడూ చూసి ఉండరు. గొడవపడకుండా, ఎందుకు తీసుకోరో కాగితం మీద రాసివ్వమనండి. ఆ మాటతోనే సగంమంది సర్దుకుంటారు. అయినా కుదరకపోతే 1947కి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. తర్వాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. ఆడవాళ్లకు అక్కడ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

ఆధార్ వచ్చేలోపు

బ్యాంకు ఖాతా కోసం అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఏ గుర్తింపు పత్రమూ లేనివాళ్లకు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో చిన్న ఖాతా అనేది ఉంది. ఫొటో ఇచ్చి, బ్యాంకు అధికారి ముందు సంతకమో వేలిముద్రో పెడితే తెరుస్తారు. ఏడాదికి లక్ష రూపాయలకు మించి జమ కాకూడదు, నెలకు 10,000 దాకా తీసుకోవచ్చు, నిల్వ 50,000 దాటకూడదు. 12 నెలలు నడుస్తుంది. ఆధార్‌కు దరఖాస్తు చేసిన రసీదు చూపిస్తే మరో 12 నెలలు పొడిగిస్తారు. చీటీవాళ్ల దగ్గరో, ఓనరమ్మ దగ్గరో డబ్బు దాచుకునేవాళ్లు ముందు ఈ పని చేయండి.

ఓటు కోసం ఫారం 6. ఇల్లు లేనివాళ్ల విషయంలో బీఎల్ఓ (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) రాత్రిపూట వచ్చి, ఆ మనిషి అక్కడే పడుకుంటోందని చూసి రాసుకోవచ్చు. చిరునామా పత్రం అక్కర్లేదు. రేషన్ కార్డుకు ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయం, తెలంగాణలో మీసేవ. సెక్స్ వర్కర్లకు గుర్తింపు పత్రాలు అడగకుండా సరుకులు ఇవ్వాలని సుప్రీంకోర్టు కరోనా సమయంలో, 2020 సెప్టెంబరులోనే చెప్పింది.

పిల్లలు

ఐదేళ్ల లోపు పిల్లలకు జనన ధ్రువపత్రం, తల్లి ఆధార్ ఉంటే చాలు. తండ్రి ఎవరో చెప్పాలని పట్టుబడితే 2015 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది: పెళ్లికాని తల్లి అఫిడవిట్ ఇస్తే బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వాలి. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఒకసారి వేలిముద్రలు వేయించడం మరిచిపోకండి. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ దగ్గర ఇబ్బంది పెట్టేది అదే.

సరిహద్దు దాటినవాళ్లు

ముంబై, పుణె, భివండీలలో ఉన్న తెలుగు ఆడవాళ్లు సర్టిఫికెట్ కోసం సొంతూరికి రానక్కర్లేదు. ఎక్కడ ఉంటున్నారో అక్కడి ఎయిడ్స్ నియంత్రణ సంస్థే ఇవ్వాలి. ముంబైకి మహారాష్ట్ర సంస్థ కాకుండా విడిగా తన సంస్థ ఉంది, ఆ నగరంలో ఉన్నవాళ్లు దాని దగ్గరకే వెళ్లాలి. సిలిగురి లాంటి సరిహద్దు నగరాల్లో పనిచేసే నేపాల్ మహిళలకు ఈ దారి వర్తించదు. విదేశీయుల ఫారం వేరు, వాళ్లు తమ దేశ పత్రాలతో దరఖాస్తు చేసుకోవాలి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులైతే జిల్లా కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రంతోనూ ఆధార్ తీసుకోవచ్చు. అది చేతిలో ఉంటే ఎయిడ్స్ సంస్థ సర్టిఫికెట్ కోసం తిరగాల్సిన పనే లేదు.