అంకెలతో స్నేహం – 4వ పాఠం: రెండు దేశాలు, రెండు గీతలు

కిందటి పాఠంలో ఒకే దేశం గీతను చదివాం. ఈసారి రెంటిని పక్కపక్కన పెడదాం. సరుకు కలప గుజ్జు, అంటే కాగితానికి ముడిసరుకు. దేశాలు కెనడా, బ్రెజిల్. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వెబ్‌సైట్‌లో 1961 నుంచి ఏడాదివారీ లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. గళ్ల కాగితం, పెన్సిల్ ఉంటే చాలు.

ముందు ఒక్కో దేశానికి మూడే చుక్కలు పెట్టండి. 2000లో కెనడా సుమారు 2.6 కోట్ల టన్నులు తీసింది, బ్రెజిల్ 75 లక్షలు. 2010కి వచ్చేసరికి కెనడా 1.85 కోట్లు, బ్రెజిల్ 1.4 కోట్లు. 2022లో బ్రెజిల్ 2.5 కోట్లకు చేరింది, కెనడా 1.5 కోట్లు కూడా దాటలేదు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. మొదటిసారి గీసినప్పుడు కెనడాకు ఎడమవైపు ఒక కొలత, బ్రెజిల్‌కు కుడివైపు ఇంకో కొలత పెట్టాను. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ బ్రెజిల్ కెనడాను దాటింది 2015 ప్రాంతంలో అయితే, నా బొమ్మలో గీతలు ఎన్నో ఏళ్ల ముందే కలిసిపోయాయి! కొలతలు రెండైతే గీతలు ఎక్కడ కలవాలో గీసేవాడి ఇష్టం. అందుకే రెంటికీ ఒకటే కొలత పెట్టండి.

ఎవరు ఎంత వేగంగా మారారో తెలియాలంటే ఇంకో లెక్క కావాలి. 2000ను రెంటికీ 100 అనుకోండి. ఆ తర్వాత ఏ ఏడాది అంకెనైనా 2000 నాటి అంకెతో భాగించి 100తో గుణించండి. బ్రెజిల్ 2010లో: 1.4 కోట్లు ÷ 75 లక్షలు × 100 = 187. 2022లో 333. కెనడా 2010లో 71, 2022లో 58 కంటే కింద. దీన్ని సూచీ అంటారు. ఒక జాగ్రత్త: సూచీలో ఎవరిది పెద్ద అంకె అయితే వాళ్లు ఎక్కువ గుజ్జు తీస్తున్నట్టు కాదు. 2010లో బ్రెజిల్ సూచీ 187 అయినా టన్నుల్లో కెనడాదే పైచేయి.

ఇప్పుడు అసలు చిక్కు. రెండు దేశాల టన్నూ ఒకటేనా? గుజ్జు ప్రధానంగా రెండు రకాలు. కలపను యంత్రాలతో నూరి తీసేది ఒకటి, రసాయనాల్లో ఉడికించి తీసేది మరొకటి. 100 కిలోల పొడి కలపను నూరితే 90 కిలోల పైనే గుజ్జు వస్తుంది. ఉడికిస్తే 45 నుంచి 50 కిలోలే, ఎందుకంటే కలప నారలను అతికించి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం కరిగిపోతుంది. న్యూస్‌ప్రింట్‌కు నూరిన గుజ్జు ఎక్కువగా వాడతారు. 2000 తర్వాత ఉత్తర అమెరికాలో పత్రికల కాగితానికి గిరాకీ పడిపోవడంతో కెనడాలో ఆ రకానికి పెద్ద దెబ్బ తగిలింది. బ్రెజిల్‌ది దాదాపు అంతా యూకలిప్టస్‌ను ఉడికించి తీసిన గుజ్జే. కాబట్టి మొత్తం టన్నులు గీశాక, రకాలవారీగా విడదీసి మళ్లీ గీయండి. ఇది మాత్రం వదిలేయొద్దు. కెనడా గీత ఎందుకు వంగిందో మొత్తం టన్నుల బొమ్మ చెప్పదు.

బ్రెజిల్ గీత పెరగడానికి కారణం మొక్క వయసులోనే ఉంది. అక్కడి తోటల్లో యూకలిప్టస్ ఆరేడేళ్లకే కోతకొస్తుంది. కెనడా చలి అడవుల్లో స్ప్రూస్‌కు కొన్ని దశాబ్దాలు పడుతుంది. పైగా బ్రెజిల్‌లో మిల్లులు పెద్దవి. 2024లో రిబాస్ దో రియో పార్దోలో మొదలైన ఒక్క మిల్లు సామర్థ్యమే ఏటా 25.5 లక్షల టన్నులు. 2000లో బ్రెజిల్ మొత్తం ఉత్పత్తిలో అది మూడో వంతు!

ఇంటిపని: ఫిన్లాండ్, స్వీడన్‌లను తీసుకోండి. ముందు టన్నులు, తర్వాత సూచీ, ఆపైన రకాలవారీ గీతలు. 2009 దగ్గర రెండు గీతల్లో ఏది ఎక్కువ పడిందో గుర్తు పెట్టి ఉంచండి, అయిదో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.