కారు దించుతున్నారా? షాకులు (షాక్ అబ్జార్బర్లు) పాతవే ఉంచేవాళ్లకు జాగ్రత్తలు

దసరా దగ్గర పడింది. హన్మకొండ, కాజీపేట తమ్ముళ్లు పండక్కి స్ప్రింగులు మార్చి కారు ఎత్తు తగ్గించి కిందికి దించాలనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

- పాత స్ప్రింగులను కోయించొద్దు, గ్యాస్‌తో కాల్చి కుంగదీయొద్దు. కాలితే ఉక్కు పదును పోతుంది. పొట్టిదైన స్ప్రింగు, చక్రం గుంతలోకి దిగినప్పుడు వదులై తను కూర్చునే చోటు తప్పవచ్చు. స్పీడులో అలా జరిగితే ప్రాణం మీదికొస్తుంది. డబ్బు లేకపోతే ఆగండి, మీ మోడల్‌కు చేసిన లోయరింగ్ స్ప్రింగులే కొనండి.

- దించేది 25-30 మిల్లీమీటర్లు దాటొద్దు. కంపెనీ షాకు అసలు ఎత్తుకు చేసింది. మరీ దించితే రాడ్ కదిలే చోటు తగ్గి మాటిమాటికీ బంప్ స్టాప్‌కు (చివర ఆపే రబ్బరు దిమ్మకు) కొడుతుంది.

- షాకు మీద ఆయిల్ తడి ఉంటే ముందు అదే మార్చండి. గట్టి స్ప్రింగును అది ఆపలేదు, బండి ఎగురుతుంది.

- స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగును నొక్కిపట్టి విప్పే పనిముట్టు) లేని షెడ్డుకు వెళ్లొద్దు.

- సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు నేలమీద ఉన్నప్పుడే చివరిగా బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. తర్వాత చక్రాల అలైన్‌మెంట్ చేయించండి.

- నిబంధన ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరే 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఐదుగురిని ఎక్కించి, కింద ఎంత ఖాళీ ఉందో కొలవండి.

- ఇన్సూరెన్స్ వాళ్లను, ఆర్టీఏ ఆఫీసులో ఈ మార్పు గురించి ముందే అడగండి. క్లెయిమ్ రోజున టెన్షన్ ఉండదు.