కుక్కనో పిల్లినో ఇంట్లోనే డాక్టరుకి చూపించాలంటే ఎలా సిద్ధం కావాలి?

హోలిస్టిక్ పద్ధతిలో చూసే వెటర్నరీ డాక్టరుని ఇంటికి పిలిపించుకోవడం మన సౌకర్యం కోసమే అనుకుంటారు చాలామంది. అసలు లాభం వేరే ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్లిన పిల్లికి భయంతోనే రక్తంలో షుగర్, బీపీ పెరిగిపోవచ్చు. అది జబ్బా, టెన్షనా అని తేల్చడం డాక్టరుకీ కష్టమే. ఇంట్లో ఆ గందరగోళం చాలావరకు తగ్గుతుంది. పైగా అది ఎక్కడ పడుకుంటుందో, ఎలా తింటుందో, ఏ నేల మీద జారుతుందో డాక్టర్ కళ్లారా చూస్తారు. హోలిస్టిక్ వైద్యం అనగానే మూలికలు, సూదులు గుర్తొస్తాయి గానీ, జబ్బుతో పాటు తిండి, నిద్ర, కదలిక, బెరుకు అన్నీ కలిపి చూడటమే అందులో ముఖ్యం. కాబట్టి ఆ రోజు కోసం ఇల్లు సర్దేయకండి. రోజూ ఎలా ఉంటుందో అలాగే కనిపించనివ్వండి.

ఇది ఇంట్లో చూపించే సమస్యేనా?

ఏటా చేయించే చెకప్, టీకాలు, ముసలి కుక్క కీళ్ల నొప్పులు, దురద, బరువు, ప్రవర్తనలో మార్పు... ఇవి ఇంట్లో చూపించుకోవచ్చు. కానీ మగపిల్లి పదేపదే లిట్టర్ బాక్సులోకి (మలమూత్రాల కోసం పెట్టే పెట్టె) వెళ్లి ముక్కుతున్నా మూత్రం రాకపోతే, పెద్ద కుక్క పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తున్నా ఏమీ బయటికి రాకపోతే, పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, చిగుళ్లు తెల్లగానో నీలంగానో మారితే, ఫిట్స్ 5 నిమిషాలు దాటినా ఆగకపోతే, విషం తిన్నదని అనుమానం వస్తే ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఆపరేషన్ థియేటర్ డాక్టర్ బ్యాగులో పట్టదు.

ఎవరిని పిలవాలి?

ముందు వెటర్నరీ డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో అడగండి. ఆక్యుపంక్చర్ (సూదులు గుచ్చి చేసే వైద్యం) చేస్తామంటే ఆ శిక్షణ ఎక్కడ తీసుకున్నారో కూడా అడగొచ్చు. 1974లో ఏర్పడిన ఇంటర్నేషనల్ వెటర్నరీ ఆక్యుపంక్చర్ సొసైటీ లాంటి సంస్థలు వెటర్నరీ డాక్టర్లకు ఆ శిక్షణ ఇస్తాయి. ఎక్స్‌రే, ఆపరేషన్ అవసరమైతే ఏ ఆస్పత్రికి పంపుతారన్నది మరో ప్రశ్న.

నా లెక్కలో కీళ్ల నొప్పులున్న లావు కుక్కకి ముందు చేయాల్సింది బరువు తగ్గించడం. చేపనూనెలోని ఒమేగా-3కీ కొంత ఆధారం ఉంది. ఆక్యుపంక్చర్‌కి ఉన్న ఆధారం పరిమితం, అయినా నొప్పి మందులకు తోడుగా ప్రయత్నించడంలో తప్పు లేదు. హోమియోపతి పనిచేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. జంతువుని ముట్టుకోకముందే “మందులన్నీ ఆపేయండి, టీకాలు అనవసరం” అనేవాళ్లకి మాత్రం నమస్కారం పెట్టి పంపేయండి.

కొన్ని రోజుల ముందు నుంచి

బాగా నిద్రపోతున్నప్పుడు ఊపిరి ఎన్నిసార్లు తీస్తోందో 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేసి రాసుకోండి. కుక్కకైనా పిల్లికైనా నిమిషానికి 30 లోపే ఉండాలి. రోజూ అంతకు మించుతుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. తిండిని కప్పులతో కాకుండా త్రాసు మీద తూచండి. కుంటడం, దగ్గడం, మెట్ల దగ్గర తటపటాయించడం వీడియో తీసి పెట్టండి. డాక్టర్ రాగానే కుంటుతున్న కుక్క కూడా చక్కగా నడిచి చూపిస్తుంది మరి!

వాడుతున్నవన్నీ ఒకచోట పెట్టండి. పొడులు, నూనెలు, సప్లిమెంట్లు, మీరు వేసుకునే మాత్రల్లోంచి ఇచ్చినవి, ఏవీ దాచొద్దు. సహజమైనదైతే ప్రమాదం లేదనుకోవడం పెద్ద పొరపాటు. టీ ట్రీ ఆయిల్ పిల్లులకు విషం. వెల్లుల్లి కుక్కకీ పిల్లికీ ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు, దాన్ని విరిచి తటస్థం చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్కల ఒంటి మీది ఈగలూ (ఫ్లీలు) గోమార్లూ పోవడానికి వాడే పెర్మెత్రిన్ చుక్కలు కూడా పిల్లికి వేయకూడదు.

డాక్టర్ వచ్చే రోజు

పిల్లి ఉంటే ఓ గంట ముందే చిన్న గదిలో ఉంచి తలుపు వేయండి. ఆ గదిలో దూరే మంచం లేకపోతే మరీ మంచిది. లేదంటే అపాయింట్‌మెంట్ అంతా మంచం కిందే గడిచిపోతుంది. కుక్కని కాసేపు నడిపించి తీసుకొచ్చి, మెడపట్టీ, తాడు ఉంచండి. కరిచే అలవాటుంటే ముందే చెప్పేయండి, మజిల్ (మూతికి వేసే తొడుగు) వేయాల్సి వస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాలింగ్ బెల్‌కి రెచ్చిపోయే కుక్కయితే బెల్ కొట్టకుండా ఫోన్ చేయమనండి. మిగతా జంతువుల్ని వేరే గదిలో ఉంచండి.

రక్తపరీక్షకి ఖాళీ కడుపు కావాలేమో ముందే అడిగి తెలుసుకోండి. మూత్రం శాంపిల్ తీస్తే శుభ్రమైన డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, కొన్ని గంటల్లోపే ఇవ్వండి. విపరీతంగా భయపడే జంతువుకి ముందురోజే ఇచ్చే మందు డాక్టర్ రాయగలరు. సొంతంగా ఏమీ ఇవ్వకండి.

వచ్చినవాళ్లు వెంటనే పట్టుకుని పరీక్షించకుండా కాసేపు నేల మీద కూర్చుంటే తొందరపెట్టకండి, పని అప్పటికే మొదలైంది. చిగురు నొక్కి వదిలితే 2 సెకన్ల లోపు గులాబీరంగు తిరిగి రావాలి. ఆ పరీక్ష, పక్కటెముకలు తడిమి లావెంతో చెప్పడం మీరూ నేర్చుకోండి. తర్వాత పడక, గిన్నెలు, లిట్టర్ బాక్సు తిప్పి చూపించండి. చికిత్స ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది. జారే నేల మీద రగ్గు వేయడం, సోఫా పక్కన చిన్న మెట్టు పెట్టడం, పిల్లుల సంఖ్య కంటే ఒక లిట్టర్ బాక్సు ఎక్కువ ఉంచడం అలాంటివే. ముసలి పిల్లి బాక్సు బయట మూత్రం పోస్తే పొగరని తిట్టేస్తాం. బాక్సు అంచు దాటడానికి దానికి కీళ్లు నొప్పి పెడుతుండొచ్చు.

డాక్టర్ వెళ్లాక

ఒకేసారి తిండి, మందు, సప్లిమెంట్ అన్నీ మార్చేస్తే దేనివల్ల మేలు జరిగిందో, దేనివల్ల విరేచనాలయ్యాయో తెలియదు. కొత్త తిండికి 7 నుంచి 10 రోజులు తీసుకుని మెల్లగా మార్చండి. ఒక రోజంతా తిండి ముట్టని పిల్లి విషయంలో ఆగొద్దు, డాక్టరుకి ఫోన్ చేయండి. ముఖ్యంగా లావు పిల్లి తినడం మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకొస్తుంది.

ఇంట్లో వండి పెట్టాలనుకుంటే ఎక్కడో చూసిన వంటకం వద్దు. డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2013లో కుక్కల కోసం రాసిన 200 వంటకాలు పరిశీలిస్తే, 95 శాతం వాటిలో కనీసం ఒక ముఖ్యమైన పోషకం తక్కువగా తేలింది. పిల్లికైతే మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. జంతువుల పోషకాహార నిపుణులతోనే రాయించుకోండి.

నెల తర్వాత అదే మెట్లు, అదే కోణంలో మళ్లీ వీడియో తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి. తేడా కనబడకపోతే సూదులు, సప్లిమెంట్లు ఇంకా ఎందుకు కొనసాగించాలో డాక్టరుని సూటిగా అడగండి.